అచ్చుతప్పు అదృష్టమేనా?

‘‘డబల్ ప్రింట్ హై భాయ్, దేఖో! మిస్టేక్ పీస్. అమెరికాలో అయితే లక్షలిస్తారు...’’

చార్మినార్ చుట్టుపక్కల పాత నాణేలు పరుచుకుని కూర్చునేవాళ్ల దగ్గర ఓ పది నిమిషాలు నిలబడితే చాలు, ఇలాంటి మాట చెవిన పడుతుంది. గురువారం జుమ్మేరాత్ బజార్‌కు వెళితే పాత తాళాలు, ఆగిపోయిన గడియారాల మధ్యలోనూ ఇదే పాట. చూపించే నాణెం మీద అంకె పక్కన ఇంకో అంకె నీడలా కనిపిస్తుంది. కొనేవాళ్ల కళ్లు మెరుస్తాయి. ఇంట్లో తాతగారి డబ్బాలోనూ ఇలాంటివి ఉండే ఉంటాయని గుర్తొస్తుంది. ఆదివారం పూట ఆ డబ్బా కిందికి దిగుతుంది.

ఆ మాటలో నిజం లేదా అంటే... ఉంది. అందుకే చిక్కు. పూర్తిగా అబద్ధమైతే ఎవరూ మోసపోరు కదా!

ముందు నిజం సంగతి చూద్దాం. 1955లో అమెరికాలోని ఫిలడెల్ఫియా టంకశాలలో ఒక సెంటు నాణేలు తయారయ్యాయి. లింకన్ బొమ్మ ఉండే మామూలు రాగి నాణేలు. ఒక అచ్చు నుంచి వచ్చినవాటి మీద మాత్రం సంవత్సరం, అక్షరాలు జంటగా పడ్డాయి. భూతద్దం అక్కర్లేదు, మామూలు కంటికే కనిపించేంత స్పష్టంగా! తప్పు తెలిసేసరికే అలాంటివి 20 వేలకు పైగా మంచి నాణేల్లో కలిసిపోయాయి. అన్నిటినీ కరిగించడం ఎందుకులే అని అక్కడివాళ్లు వాటిని అలాగే బయటకు పంపేశారు. అప్పట్లో మెషీన్లో పావు డాలరు వేస్తే సిగరెట్ పెట్టె వచ్చేది. పెట్టె ఖరీదు 23 సెంట్లు. తిరిగి ఇవ్వాల్సిన 2 సెంట్లు పెట్టె పైకాగితంలోనే పెట్టి ఉండేవి. ఈ జంట అక్షరాల నాణేలు చాలామంది చేతికి అలా చేరాయట. ఇవాళ కాస్త అరిగిన నాణెమైనా వెయ్యి డాలర్ల పైమాటే. సెంటు నాణేనికి!

ఈ తప్పునే నాణేల లోకంలో ‘డబుల్డ్ డై’ అంటారు. మన బజారు భాషలో డబల్ ప్రింట్. రెండూ ఒకటేనా? కాదు. అసలు గొడవంతా ఇక్కడే.

రబ్బరు స్టాంపు తెలుసుగా!

ఆఫీసులో గుమస్తా కాగితం మీద స్టాంపు కొడుతుంటే చెయ్యి జారి రెండుసార్లు పడిందనుకోండి. ఆ ఒక్క కాగితమే పాడవుతుంది. అలా కాకుండా స్టాంపు తయారుచేసినవాడే రబ్బరు మీద అక్షరాల్ని రెండేసిగా చెక్కాడనుకోండి. అప్పుడు ఎంత జాగ్రత్తగా కొట్టినా ప్రతి కాగితం మీదా రెండే పడతాయి. మొదటిది దెబ్బలో తప్పు. రెండోది అచ్చులో తప్పు. డబుల్డ్ డై అంటే ఈ రెండోదే.

నాణేన్ని ముద్రించే ఉక్కు అచ్చును డై అంటారు. దాని మీద బొమ్మ లోపలికి, తిరగేసి ఉంటుంది. ఆ డైని తయారుచేయడానికి ఇంకో ఉక్కు ముక్క ఉంటుంది. దాని పేరు హబ్. దాని మీద బొమ్మ నాణెం మీద లాగే పైకి ఉబ్బి ఉంటుంది. హబ్‌ను డై మీద పెట్టి బలంగా నొక్కుతారు. పాత పద్ధతిలో ఒక్క నొక్కుకు బొమ్మ పూర్తిగా దిగేది కాదు. ఉక్కు గట్టిపడిపోయేది. డైని కాల్చి మెత్తబరిచి, మళ్లీ హబ్ కింద పెట్టి నొక్కేవారు. రెండోసారి పెట్టినప్పుడు వెంట్రుకవాసి పక్కకు తిరిగినా అంతే సంగతులు... అక్షరాలన్నీ జంటలు. ఆ డై అరిగి పక్కన పడేసేదాకా కొట్టే వేలాది, లక్షలాది నాణేల మీద అదే తప్పు, అదే చోట, అదే తీరున పడుతూ ఉంటుంది. అమెరికా టంకశాల 1990ల్లో ఒకే నొక్కుతో డై తయారుచేసే పద్ధతికి మారింది. అయినా చిన్నచిన్న జంటలు ఇప్పటికీ దొరుకుతూనే ఉన్నాయి.

మరి మన పేవ్‌మెంట్ మీద కనిపించేది? నూటికి తొంభైపాళ్లు అది వేరే వ్యవహారమని నా అభిప్రాయం. మెషీన్లో డై కాస్త వదులైతే నాణెం కొట్టే క్షణంలో అది అదురుతుంది. అప్పుడే పడ్డ అక్షరం అంచును పక్కకు తోసేస్తుంది. దాన్ని మెషీన్ డబ్లింగ్ అంటారు. రూపాయి, రెండు రూపాయల నాణేల మీద ఎంతో మామూలు. దానికి ముఖవిలువను మించి విలువ లేదు.

తేడా కనిపెట్టడం మరీ బ్రహ్మవిద్యేం కాదు. మెషీన్ అదిరితే వచ్చే రెండో గీత పల్చగా, చదునుగా, మెట్టులా ఉంటుంది. అసలు అక్షరం సన్నబడుతుంది. డై తప్పయితే రెండో అక్షరం కూడా మొదటిదానిలాగే గుండ్రంగా ఉబ్బి ఉంటుంది, అక్షరం లావెక్కుతుంది, మూలల దగ్గర చీలినట్టు చిన్న గాడి కనిపిస్తుంది. పది రెట్లు చూపించే భూతద్దం చాలు. ఇంకో పరీక్ష కూడా ఉంది. అదే సంవత్సరం, అదే టంకశాల నాణేలు పది పోగేసి చూడండి. జంట గీత రెండు నాణేల మీద అచ్చంగా ఒకే చోట, ఒకే తీరున ఉంటే అచ్చు మీద అనుమానించవచ్చు. నాణెం నాణేనికీ మారిపోతుంటే అది అదురే.

టంకశాల ఏదో తెలిసేదెలా అంటారా? జేబులోని నాణెం తీసి సంవత్సరం కింద చూడండి. నక్షత్రం ఉంటే మన హైదరాబాద్. వజ్రం గుర్తుంటే ముంబయి. చిన్న చుక్క ఉంటే నోయిడా. ఏమీ లేకపోతే కోల్‌కతా.

సుల్తాన్ షాహీ సుత్తిదెబ్బ

ఇక పాతబస్తీ సొంత నాణేల కథ వేరు. మొఘల్‌పురా దగ్గరి సుల్తాన్ షాహీలో 1803లో, మూడో నిజాం సికందర్ జా కాలంలో టంకశాల ఏర్పాటైంది. అక్కడ నాణెం అంటే చేతిపనే. వెండి బిళ్లను కింది అచ్చు మీద పెట్టి, పై అచ్చును ఆనించి, సుత్తితో ఒక్కటి వేయడమే. అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది. అందుకే ఆ నాణేల మీద ఏనాడూ పూర్తి రాత పడదు. దెబ్బ సరిగ్గా తగల్లేదని ఇంకోటి వేస్తే రాత రెండుసార్లు పడేది. అచ్చులు కూడా ఒక్కొక్కటీ చేత్తో చెక్కినవే, ఏ రెండూ ఒకేలా ఉండవు. అలాంటి నాణెం చూపించి ‘డబుల్డ్ డై’ అనడమంటే, చేత్తో రాసిన ఉత్తరంలో జెరాక్స్ తప్పు వెతకడమే!

1903లో టంకశాల సైఫాబాద్‌కు మారింది. చార్మినార్ బొమ్మతో మెషీన్ నాణేలు ఆ రోజుల్లోనే వచ్చాయి. ఇవి చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. రూపాయి 11 గ్రాముల పైచిలుకు బరువు, అందులో వెండి దాదాపు 82 శాతం. ఒకవైపు నిండుగా చార్మినార్. ఆ చార్మినార్ గుమ్మంలోకి కాస్త పరీక్షగా చూడండి. ఓ చిన్న ఉర్దూ అక్షరం కనిపిస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నాణేల మీద అది ‘మీమ్’. మహబూబ్ పేరులో మొదటి అక్షరం. 1911లో ఆయన చనిపోయాక వచ్చిన ఏడో నిజాం నాణేల మీద ‘ఐన్’. ఉస్మాన్ పేరు ఉర్దూలో మొదలయ్యేది దానితోనే. ఈ ఐన్ మొదట్లో పొట్టిగా, సగమే ఉన్నట్టు పడింది. ఆ తర్వాత నిండు అక్షరంగా మార్చారు. హిజ్రీ 1329, 1330 సంవత్సరాల ముచ్చట ఇది. మన లెక్కలో 1911, 1912.

పొట్టి ఐన్ రూపాయి, నిండు ఐన్ రూపాయి... నాణేల కేటలాగుల్లో ఇవి రెండూ వేర్వేరు రకాలు. వేర్వేరు నంబర్లు. దీన్నే ‘వెరైటీ’ అంటారు. పాతబస్తీ ఇళ్లలోని పాత పెట్టెల్లో జనం వెతకాల్సింది నిజానికి ఇది. కానీ జంట గీతల మోజులో పడి గుమ్మంలో అక్షరం చూసేవాళ్లు తక్కువ. ఎవరైనా వచ్చి ‘పాత వెండి’ అని తూకానికి కొనుక్కుపోతే ఏ ఐన్ అన్నది అడిగే నాథుడే ఉండడు.

(పాతతరం వాళ్లకు ఈ రూపాయే హాలీ సిక్కా. బ్రిటిష్ రూపాయి కల్దార్. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు. హైదరాబాద్ భారత్‌లో కలిశాక కూడా కొన్నేళ్లు రెండూ చెలామణిలో ఉండి, 1959లో హాలీ పూర్తిగా రద్దయింది. ఆ లెక్కల తగువులు ఇప్పటికీ కథలుగా చెప్పే ముసలమ్మలున్నారు.)

డబ్బాలో నాణెం, నాణేనికో జాతకం

సరే, మీ దగ్గరున్నది నిజంగా అరుదైనదే అనుకుందాం. ఆ మాట ఎవరు చెప్పాలి? కొనేవాడు చెబితే తక్కువ చెబుతాడు. అమ్మేవాడు చెబితే ఎక్కువ చెబుతాడు. ఈ తగువు తీర్చడానికే అమెరికాలో గ్రేడింగ్ సంస్థలు పుట్టాయి. 1972లో ఏఎన్ఏసీఎస్ నాణేల అసలు నకిలీ తేల్చడం మొదలుపెట్టింది. ఆ తర్వాత 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ వచ్చాయి. నాణేన్ని పంపి రుసుము కడితే నిపుణులు ఒకరి తర్వాత ఒకరు చూస్తారు. అది ఎవరిదో వాళ్లకు తెలియదు. అసలుదేనని తేలాక 1 నుంచి 70 వరకు మార్కు వేస్తారు. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, తెరిస్తే తెలిసిపోయేలా మూసేస్తారు. పైన లేబుల్, దాని మీద ఓ నంబరు. ఆ నంబరు సంస్థ వెబ్‌సైట్లో కొడితే అదే నాణెం వివరాలు రావాలి.

వందకు కాకుండా 70కి మార్కులేమిటని అడగొచ్చు. విలియం షెల్డన్ అనే ఆయన 1949లో పాత రాగి సెంట్ల కోసం వేసిన లెక్క అది. బాగా అరిగిన నాణెం ధర రూపాయి అయితే, నిగనిగలాడేదాని ధర డెబ్భై అని ఆయన ఉద్దేశం. ధరల లెక్క ఎప్పుడో తప్పిపోయింది. 70 మాత్రం మిగిలింది.

లేబుల్ మీద ‘1955, డబుల్డ్ డై ఆబ్వర్స్, ఎంఎస్ 64’ అని ఉంటే... బొమ్మ వైపు అచ్చులో జంట ఉంది, వాడకంలోకి వెళ్లని నాణెం, మార్కు 64 అని అర్థం. బొమ్మ వైపు ఆబ్వర్స్, వెనక వైపు రివర్స్. పొట్టిగా డీడీఓ, డీడీఆర్ అని రాస్తారు. పక్కన ‘ఎఫ్ఎస్’ అంటూ ఓ అంకె ఉండవచ్చు. బిల్ ఫివాజ్, జె.టి. స్టాంటన్ అనే ఇద్దరు ఇలాంటి రకాలన్నిటికీ ‘చెర్రీపికర్స్ గైడ్’ అని పుస్తకం రాశారు. అందులో ఆ రకానికి ఇచ్చిన నంబరన్నమాట. 1955 సెంటుది ఎఫ్ఎస్-101.

చాలామందికి తెలియని కిటుకు ఇక్కడుంది. నాణెం పంపగానే జంట అక్షరాల సంగతి వాళ్లంతట వాళ్లే లేబుల్ మీద రాసేయరు. మామూలుగా అయితే ఏ రకమో మనమే రాసి, దానికి వేరే రుసుము కట్టి అడగాలి. అప్పుడు కూడా పుస్తకాలకెక్కిన రకమైతేనే పరిశీలిస్తారు. ఆ అచ్చు తాలూకు ఫొటోలు పక్కన పెట్టుకుని గాళ్లు, గీతలు, పగుళ్లు ఒక్కొక్కటీ పోలుస్తారు. కుదిరితే రాస్తారు, లేకపోతే లేదు. కాబట్టి లేబుల్ మీద ఆ మాట లేదంటే నాణెంలో జంట లేదని కాదు. ఎవరూ అడిగి ఉండకపోవచ్చు. అమెరికాలో తెలివైనవాళ్లు ఇలాంటి లేబుళ్ల నాణేలే ఏరుకుని మామూలు ధరకు కొంటారు! సుత్తిదెబ్బ రెండుసార్లు పడటం, బొమ్మ పక్కకు జరగడం లాంటివి ‘మింట్ ఎర్రర్’ అనే వేరే ఖాతా. దానికీ వేరే రుసుము. మెషీన్ అదురుకు మాత్రం ఏ ఖాతా లేదు.

ఇంకో మాట. లేబుల్ ఎక్కడా ధర చెప్పదు. అది నాణెం పరిస్థితి చెప్పే కాగితం, అంతే. పైగా నకిలీ నాణేలే కాదు, నకిలీ డబ్బాలు, నకిలీ లేబుళ్లు కూడా అంతర్జాతీయ బజారులో తిరుగుతున్నాయి. నంబరు సరిచూసుకోకుండా డబ్బా చూసి మురిసిపోతే అంతే!

మన నాణేలకు ఇంకో లోటుంది. అమెరికా సెంట్లకున్నట్టు మన రూపాయలకు అచ్చుల వారీగా, ఫొటోలతో, అందరూ ఒప్పుకునే జంట రకాల జాబితా లేదు. జాబితాలో లేనిదానికి లేబుల్ ఎలా వస్తుంది? ‘ఇది గ్రేడింగ్‌కు పంపితే డబుల్డ్ డై అని వస్తుంది’ అంటూ నక్షత్రం గుర్తు రూపాయి చూపించి వేలు అడిగేవారుంటే, ఏ పుస్తకంలో ఏ నంబరుందో చూపించమనండి చాలు. పది రూపాయల నాణెం రెండు మూడు రకాలుగా ఉందని ఇదే ఊళ్లో ఒకప్పుడు తీసుకోమన్నారు. 14 రకాలున్నాయి, అన్నీ చెల్లుతాయి అని 2018లో రిజర్వు బ్యాంకే చెప్పాల్సి వచ్చింది. తేడా కనిపిస్తే ఒకచోట నాణెం చెల్లదు, ఇంకోచోట లక్షలు!

చింతపండు జోలికి వెళ్లొద్దు

ఇళ్లలో జరిగే నష్టం ఒకటుంది. పాత నాణెం బయటపడగానే మన చేతులు ఊరుకోవు. చింతపండు, నిమ్మచెక్క, పీతాంబరి పొడి... తళతళలాడేలా తోమేస్తాం. దేవుడి సామాన్లకైతే మంచిదే. నాణేనికి మాత్రం అంతకు మించిన అపకారం లేదు. వందేళ్లలో లోహం మీద ఏర్పడ్డ సహజమైన పొర పోతుంది, సన్నని గీతలు పడతాయి. గ్రేడింగ్ నిపుణులు మొదట చూసేది అదే. అలాంటిదానికి మార్కు వేయరు. ‘డిటైల్స్, క్లీన్డ్’ అని రాసి ఊరుకుంటారు. గుమ్మంలో పొట్టి ఐన్ ఉన్నా, నిండు ఐన్ ఉన్నా ధర సగానికి సగం పడిపోవచ్చు. దుమ్ముంటే దుమ్ముతోనే ఉంచండి. అంచులు పట్టుకోవాలి, ముఖం మీద వేలు పెట్టకూడదు.

ఫోన్లో వచ్చే బేరాలు ఇంకో బెడద. ‘మీ పాత నాణేనికి లక్షలిస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు, పన్ను కట్టండి’ అంటారు. రిజర్వు బ్యాంకు పేరు, గుర్తు కూడా వాడేస్తున్నారని తెలిసి 2021 ఆగస్టులో ఆ బ్యాంకే హెచ్చరిక విడుదల చేసింది. పాత నోట్లు, నాణేల కొనుగోళ్లతో తమకు సంబంధం లేదని, ఎలాంటి రుసుమూ అడగబోమని చెప్పింది. కొనేవాడు మనకు డబ్బివ్వాలి గానీ మనమే వాడికి కట్టడమేమిటన్న చిన్న ప్రశ్న లక్షల మాట వినగానే ఎటు పోతుందో!

చివరగా చట్టం సంగతి. ‘అమెరికా పంపించి లేబుల్ వేయిస్తే పోలా’ అనుకునేవాళ్లు ఇది తప్పక చదవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు. మామూలు మనిషి దాన్ని దేశం దాటించడం నేరం. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, పైన జరిమానా. గ్రేడింగ్ కోసమే పంపాను, మళ్లీ తెప్పించుకుంటానన్నా అది ఎగుమతే. పురావస్తువుల అమ్మకం వ్యాపారంగా చేయడానికి కూడా లైసెన్సు కావాలి. కాబట్టి అమ్మదలిస్తే లైసెన్సున్న వేలం సంస్థల దగ్గరికే వెళ్లాలి. ఊరికే పోల్చి చూసుకోవడానికైతే పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో నాణేల సేకరణ ఉంది. సైఫాబాద్ పాత టంకశాలలోనూ 2022లో మ్యూజియం తెరిచారు.

మీమ్ ఉన్న మహబూబ్ రూపాయలన్నీ ఈపాటికే వందేళ్లు దాటాయి. ఐన్ ఉన్నవాటిలో పొట్టివీ, తొలినాళ్ల నిండువీ దాటాయి. మిగిలినవి ఏటా ఒక సంవత్సరం చొప్పున ఆ గీత దాటుతూ వస్తున్నాయి. మీ డబ్బాలోదాని మీద హిజ్రీ సంవత్సరం ఏదుందో ఉర్దూ అంకెలు చదవగలిగే పెద్దవాళ్లెవరినైనా అడిగి, ఓ కాగితం మీద రాసి డబ్బాలోనే పెట్టండి. పక్కన బరువు కూడా. వెండి కొట్టులో కాటా మీద పెట్టిస్తే రెండు నిమిషాల పని. కాకపోతే తోమి ఇస్తానంటాడు, వద్దని ముందే చెప్పండి.